జీవకణంలో అచ్చుతప్పులు

2024వ సంవత్సరం జూలై నెలలో ఎర్రకాలువ పొంగి తాడేపల్లిగూడెం, నిడదవోలు ప్రాంతాల వరిచేలను ముంచివేసినది. ఆ ముంపునుండి రైతు తేరుకొనక ముందే సెప్టెంబరు తొలివారంలో బుడమేటికి గండ్లు పడినవి. విజయవాడ పేటలను ముంచిన ఆ నీరు తుదకు దిగవలసినది కొల్లేటిలోనికే గనుక లంకగ్రామాలకూ ఆ కష్టం తప్పలేదు. పత్రికలు మునిగిన ఎకరాల లెక్క వ్రాసినవి, నష్టపరిహారపు లెక్క వ్రాసినవి. అవి వ్రాయవలసిన లెక్కలే. కాని మా ప్రాంతపు రైతులు ప్రతి ముంపు తరువాతా చెప్పే మాట ఒకటి ఉన్నది. “నీళ్లున్నన్నాళ్లూ చేను పచ్చగానే అవుపించిందండి మాస్టారూ. నీళ్లు లాగేశాక రెండో నాటికి చప్పబడిపోయింది” అంటారు. నీటి అడుగున ఉన్నంతకాలం నిలిచిన మొక్క, గాలీ వెలుతురూ మరల దొరకిన తరువాత కూలిపోవడమేమి?

ఈ ప్రశ్నకు సమాధానంలో ఒక ముక్క హైదరాబాదులో దొరకినది. దానిని కనుగొన్నవారు వ్యవసాయ శాస్త్రజ్ఞులు కారు. వరిచేను వారి ఆలోచనలో మొదట లేనేలేదు. 1977లో ఏర్పడి, పుష్పమిత్ర భార్గవ తొలి సంచాలకులుగా పెంచి పెద్దచేసిన కణ, అణుజీవశాస్త్ర కేంద్రం సి.సి.ఎం.బి. అనే పొడి అక్షరాలతో అందరికీ పరిచితమే గదా. 2002లో అక్కడ చేరిన రాజన్ శంకరనారాయణన్ ఒకే ప్రశ్నను పట్టుకొని రెండు దశాబ్దాలు కృషి చేసినారు. జీవకణం తన మాంసకృత్తులను తప్పులు లేకుండా ఎట్లా కూర్చుకొంటున్నది? అన్నదే ఆ ప్రశ్న. 2011లో భట్నాగర్ బహుమానమూ, 2020లో ఇన్ఫోసిస్ బహుమానమూ ఆయనకు ఈ మార్గంలోనే వచ్చినవి.

తెలుగు పాఠం చెప్పుకొనేవాడికి ఈ గొడవ ఎందుకని చదువరులు అనుకొనవచ్చు. ఇది అక్షరాల గొడవ కనుకనే నాకు పట్టినది. సీసపు అక్షరాలతో పుస్తకాలు అచ్చువేసిన రోజులలో కంపోజిటరు అక్షరాల గళ్లముందు నిలుచుండి, వ్రాతప్రతిని ఎదుట పెట్టుకొని, ఒక్కొక్క అక్షరాన్నే ఏరి వరుసగా పేర్చేవాడు. జీవకణంలో జరిగేదీ ఇటువంటి పనే. జన్యువునుండి ఎత్తి వ్రాసుకొన్న ఆర్.ఎన్.ఎ. పత్రం దానికి వ్రాతప్రతి. అమైనో ఆమ్లాలు అక్షరాలు, అవి ఇరవై. వాటిని పేర్చే యంత్రం రైబోజోము. సూక్ష్మజీవులలో ఈ యంత్రం సెకనుకు పదిహేను, ఇరవై అక్షరాలు పేర్చగలదు. పేర్పు పూర్తి అయిన అక్షరమాల ముడుచుకొని ఒక రూపం దాల్చితే అదే మాంసకృత్తు. మన కండరమూ, రక్తంలోని హిమోగ్లోబినూ, వరిగింజలోని పోషకమూ అన్నీ ఆ జాతివే.

ఈ అచ్చుకూటంలో ఒక విచిత్రం ఉన్నది. కంపోజిటరు తన చేతిలోని అక్షరాన్ని చూచుకొంటాడు. రైబోజోము అంతగా చూచుకొనదు. అక్షరాలను మోసుకొనివచ్చే చిన్న ఆర్.ఎన్.ఎ. కూలీలు వేరే ఉన్నవి. ఒక్కొక్క కూలీకీ ఒక చీటీ ఉంటుంది. రైబోజోము ప్రధానంగా ఆ చీటీని వ్రాతప్రతితో సరిచూచుకొంటుంది. మూటలో ఏమున్నదన్న విచారణ దానికి స్వల్పం. ఆ మూటలు కట్టి ఇచ్చేవి మరికొన్ని ఎంజైములు. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్కటి చొప్పున ఉన్నవి. కనుక మూట కట్టేచోట పొరపాటు జరిగి, దానిని ఎవరూ పట్టుకొనకపోతే, ఆ పొరపాటు పుస్తకంలోనికి ఎక్కినట్లే.

రైబోజోము రూపురేఖలు 2000వ సంవత్సరంలో గాని వివరంగా తెలియలేదు. చిదంబరంలో పుట్టి, భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొంది, ఆ తరువాత మరల విద్యార్థియై జీవశాస్త్రం చదువుకొన్న వెంకటరామన్ రామకృష్ణన్ దానిలోని చిన్న ఖండాన్ని అణువణువుగా చిత్రించి, స్టైట్జ్, యోనాత్ అనే ఇద్దరితో కలిసి 2009లో నోబెల్ బహుమానం అందుకొన్నారు. ఇక్కడ మనకొక చుట్టరికం ఉన్నది. 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో అమెరికాలో 1948లో వెలువడిన ఆరియోమైసిన్, ఆ కుటుంబపు ఇతర మందులూ సూక్ష్మజీవులను అడ్డగించేది ఈ చిన్న ఖండంలోనే. మూటతో వచ్చిన కూలీ నిలువవలసిన చోటును ఆ మందు ఆక్రమించుకొంటుంది. సుబ్బారావు గారు ఆ ఏడే గతించినారు. మందు కూర్చున్న చోటు స్ఫటికచిత్రంలో కనబడేసరికి అర్ధశతాబ్దం గడచినది.

శంకరనారాయణన్ గారి పరిశోధన పనసగింజతో మొదలైనది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎం. విజయన్ గారి శిష్యులుగా ఆయన పనసగింజలో ఉండే జకాలిన్ అనే మాంసకృత్తు రూపాన్ని నిర్ణయించినారు. 1996లో అది ప్రకటితమైనది. విజయన్ గారు ఆక్స్‌ఫర్డులో డొరొతీ హాడ్జ్‌కిన్ గారివద్ద, 1969లో ఇన్సులిన్ రూపం తేల్చిన బృందంలో పనిచేసి వచ్చినవారు, 2022లో కీర్తిశేషులైనారు. సంగీతంలో వలెనే ఈ విద్యలోనూ గురుపరంపరకు విలువ ఉన్నది. ఎందుకంటే విద్య యావత్తూ స్ఫటికం పండించడంలో ఉన్నది. చిక్కని పంచదార పాకంలో దారం వ్రేలాడగట్టి కదలకుండా ఉంచితే పటికబెల్లం పలుకులు కట్టునట్లు, మాంసకృత్తు ద్రావణాన్ని ఓపికగా నిలువ ఉంచి పలుకులు కట్టించవలె. ఒకప్పుడు వారాలు పడుతుంది, ఒకప్పుడు ఏళ్లు పట్టినా కట్టదు. కట్టిన పలుకుగుండా ఎక్స్ కిరణాలను పంపితే చుక్కలు చుక్కలుగా ఒక ముగ్గు పడుతుంది. ఆ చుక్కలనుబట్టి లోపలి అణువుల అమరికను గణితంతో రాబట్టవలె. చుక్కలు చూచి ముగ్గు ఊహించే మన ఆడపడుచులకు ఈ పద్ధతి తేలికగా బోధపడుతుంది.

బెంగుళూరునుండి ఆయన ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గు నగరానికి, దీనో మొరాస్ అనే శాస్త్రజ్ఞునివద్దకు వెళ్లినారు. అక్కడ పట్టుకొన్నది థ్రియోనిన్ అనే అక్షరానికి మూట కట్టే ఎంజైమును. మన లిపిలో ప, ష, వ అనే అక్షరాలవలె రసాయనలిపిలో థ్రియోనిన్, సెరిన్, వాలిన్ ఒకదానినొకటి పోలి ఉంటవి. వాలిన్‌ను ఆ ఎంజైము గుమ్మంలోనే ఆపివేస్తుంది. లోపల కూర్చున్న ఒక జింకు అణువు దాని గుర్తు పట్టి రానీయదు. సెరిన్‌ను మాత్రం ఆ జింకు ఆపలేదు. సెరిన్ లోపలికి వచ్చి మూట కట్టించుకొంటుంది. అప్పుడు అదే ఎంజైములోని మరొక గది ఆ మూటను విప్పి పారవేస్తుంది. ప్రూఫులు దిద్దడమంటే ఇదే గదా!

బ్రౌను దొర కడపలో పండితులను కూర్చుండబెట్టి తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి సరిచూపించినాడు. అది గ్రంథం పుట్టిన తరువాత జరిగిన పరిష్కరణ. కణం అంతవరకు ఆగదు; అక్షరం వరుసలోనికి ఎక్కక ముందే దిద్దుకొంటుంది. అయినా వేయింటికో పదివేలకో ఒక తప్పు మిగిలిపోతూనే ఉంటుంది. పుస్తకాలు అచ్చువేసిన వారెవరూ దీనికి ఆశ్చర్యపడరు.

హైదరాబాదు వచ్చిన తరువాత 2005లో ఆయన కృషి ఒక మలుపు తిరిగినది. ఆర్కియా అనే ప్రాచీన సూక్ష్మజాతి జీవులు ఉన్నవి. వేడినీటి ఊటలలో, ఉప్పుమడులలో, ఊబినేలలలో బ్రతికేవి. వాటిలో థ్రియోనిన్ మూటలు దిద్దే గది ఇతర జీవులలోని గదివలె లేదు. సెరిన్ తప్పును దిద్దే విధానం చూద్దామని దాని రూపం తేల్చగా, అది పూర్తిగా వేరొక పని చేసే ఎంజైమును అచ్చుగుద్దినట్లు పోలి ఉన్నది. ఆ వేరొక ఎంజైము పేరు డి.టి.డి.; ఇటువంటి పని చేసే ఎంజైము ఒకటి ఉన్నదని 1967లోనే కాలెండర్, బెర్గ్ అనేవారు గుర్తించినారు. అది దిద్దేది మామూలు తప్పు కాదు, తిరగబడిన అక్షరాన్ని.

తిరగబడిన అక్షరమంటే ఏమి? కంపోజిటరు చేతిలోని సీసపు అక్షరాన్ని చూచినవారికి తెలుసును: అది అద్దంలోని అక్షరంవలె ఉంటుంది. మన రెండు చేతులకూ అయిదేసి వ్రేళ్లే, అదే కొలత. అయినా కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టదు. శంఖాలన్నీ ఒక వైపునకు తిరిగి ఉంటే, దేవతార్చనలో పెట్టే దక్షిణావర్త శంఖం రెండవ వైపునకు తిరిగి ఉంటుంది. అణువులలోనూ ఇటువంటి కుడి ఎడమలు ఉన్నవని 1848లో పాస్టరు మహాశయుడు చింతపులుపును పోలిన ఒక ఆమ్లపు స్ఫటికాలను చిమటతో ఏరి వేరుచేసి నిరూపించినాడు. సృష్టిలో ఎక్కడ చూచినా మాంసకృత్తులను కూర్చేటప్పుడు జీవులు వాడేది ఎడమచేతి అమైనో ఆమ్లాలనే. కుడిచేతివి లోకంలో లేకపోలేదు; సూక్ష్మజీవులు తమ గోడలలో వాటిని కొన్నింటిని వాడుకొంటవి. మాంసకృత్తులలోనికి మాత్రం అవి రాకూడదు. వస్తే మడత చెడుతుంది. మడత చెడితే పని చెడుతుంది.

డి.టి.డి. ముందున్న చిక్కు ఇది. ఇరవైలో గ్లైసిన్ ఒక్కదానికే కుడి ఎడమలు లేవు. మిగిలిన పందొమ్మిదీ ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకారం. ఒకటి పొట్టి, ఒకటి పొడవు, ఒకటి నూనె స్వభావం, ఒకటి నీటి స్వభావం. ఈ రకరకాల కుడిచేతి అక్షరాలనన్నింటినీ పట్టుకొనవలె, వాటి ఎడమచేతి జంటలలో ఒక్కదానినీ తాకకూడదు. ఒకే గది ఇన్ని ఆకారాలను ఎట్లా గుర్తుపట్టగలదు? 2013లో శంకరనారాయణన్ గారి బృందం చెప్పిన సమాధానం నాకు ఎంతో ముచ్చట గొల్పినది. అది కుడిచేతివానిని గుర్తుపట్టనే పట్టదట! ఆ ఎంజైము రెండు భాగాల జంట. ఒక భాగంనుండి ఒక వ్రేలివంటి ముక్క రెండవ భాగపు గదిలోనికి చొచ్చుకొనివచ్చి, ఎడమచేతి అక్షరం కూర్చునేందుకు చోటులేకుండా చేస్తుంది. ఎడమచేతివానిని రానీయకపోవడమే దాని పని. తక్కినవారు ఎవరైనా రావచ్చును, వచ్చినవారి మూట విప్పబడుతుంది. దొంగలందరి ముఖాలూ జ్ఞాపకం పెట్టుకొనే బదులు, ఇంటివారెవరూ కాలుపెట్టలేని బోను ఒకటి అమర్చడం వంటిది.

కాని గ్లైసిన్ మాట ఏమి? దానికి ఎడమా లేదు, కుడీ లేదు; కనుక బోనులో పడుతుంది. గ్లైసిన్ లేనిదే మాంసకృత్తు లేదు, అది ఇంటివాడే. మంచి సిద్ధాంతం చేసి తృప్తిపడి ఊరుకొనేవారు ఇటువంటి చిక్కును చూచీ చూడనట్లు పోనిస్తారు. వారు పోనీయలేదు. సరిగా కట్టిన గ్లైసిన్ మూటకు వేరొక మాంసకృత్తు గొడుగు పట్టి రైబోజోము దాకా కాచి తీసుకొనిపోతున్నదని 2016లో తేల్చినారు. ఆ మరుసటి ఏడు ఇంకొక విశేషం బయటపడినది. అలనిన్ అనే అక్షరపు కూలీమీద పొరపాటున గ్లైసిన్‌ను కట్టడం కణంలో జరుగుతూ ఉంటుంది. ఆ తప్పుడు మూటను విప్పేది కూడా ఈ బోనేనట. లోపమనుకొన్నది దానికొక అదనపు పనితనమైనది.

ఇప్పుడు మునిగిన చేనివద్దకు రావచ్చును. డి.టి.డి. వంటి పనే చేసే రెండవ రకపు ఎంజైము ఒకటి ఉన్నది, డి.టి.డి.2 అంటారు. అది ఆర్కియాలలో ఉన్నది, నేలమీది మొక్కలలో ఉన్నది, బాక్టీరియాలలో లేదు. ఊబిలోని సూక్ష్మజీవికీ పచ్చని మొక్కకూ ఈ ఉమ్మడి ఆస్తి ఎక్కడిది? మొదటిది ఉండగా మొక్కకు రెండవదానితో ఏమి పని? 2021లో ఆ బృందం ప్రకటించిన వ్యాసం ఈ రెండు ప్రశ్నలకూ కలిపి ఒకే సమాధానం చెప్పినది.

వేరుకు గాలి అందనప్పుడు మొక్క చక్కెరను మామూలుగా వినియోగించుకొనలేదు. కల్లుకుండలో జరిగినట్లు పులియబెట్టుకొని ప్రాణం నిలుపుకొంటుంది. ఆ పులుపులో ముందు ఎసిటాల్డిహైడు, తరువాత ఆల్కహాలు పుడతవి. వరికి కాండంలో గాలిగొట్టాలు ఉన్నవి గనుక మడిలో నిలువనీరు దానికి లెక్కలేదు. ఆకుకొనతో సహా బురదనీటిలో మునిగితేనే చిక్కు. ఎసిటాల్డిహైడు విషం, కణంలో దొరకినదానికల్లా అతుక్కొంటుంది. ఎడమచేతి మూటలకు గొడుగు ఉన్నది గనుక అవి చాలవరకు తప్పించుకొంటవి. కుడిచేతి మూటలకు ఆ గొడుగు సరిగా పట్టదు. వాటికి ఈ విషం అంటుకొంటుంది. అంటుకొన్న తరువాత మొదటి రకపు డి.టి.డి. ఆ మూటను విప్పలేదు, రెండవ రకం విప్పగలదు. నీటినుండి నేలకెక్కి, వేరు దిగేసి, వరదకూ బురదకూ లోనైన మొక్కల పూర్వీకులు ఈ ఎంజైమును ఊబిలో ఇరుగుపొరుగైన ఆర్కియాలనుండి సంపాదించుకొన్నవని వారి నిర్ణయం. 2024లో వెలువడిన మరొక వ్యాసంలో ఆవ కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కలో దీనిని పరీక్షించినారు. ఈ జన్యువు పనిచేయని మొక్కలు ఆల్డిహైడు జాతి విషాలకు త్వరగా లొంగిపోయినవి. అధికంగా పనిచేయించిన మొక్కలు తట్టుకొన్నవి.

రైతు మాటకు అర్థం ఇక్కడ కొంత తెలుస్తున్నది. ముంపులో వేరున నిలువ అయిన ఆల్కహాలు, నీరు తీసి గాలి తగిలిన వెంటనే వెనుకకు తిరిగి ఎసిటాల్డిహైడు అవుతుంది. గాలితోపాటు చురుకైన ఆక్సిజన్ రూపాలూ పుట్టి కణాలను కాల్చుతవి. ప్రాణవాయువే ఆ వేళకు పరీక్ష అవుతున్నది.

ఇంతమాత్రాన రేపటికి కొల్లేటిగట్టు చేలు గట్టెక్కినవని ఎవరైనా అంటే నమ్మరాదు. ప్రయోగశాలలో చిన్న మొక్క తట్టుకొనడం వేరు, ఎర్రకాలువ బురదలో వరి తట్టుకొనడం వేరు. ముంపును తట్టుకొనే వరి వేరొక దారిలో వచ్చినది. మార్టేరు పరిశోధనా కేంద్రంవారి ఎం.టి.యు. 7029 రకం, అనగా మనం స్వర్ణ అని పిలిచేది, దేశంలో తూర్పు రాష్ట్రాలన్నింటా వ్యాపించినది. ఒడిశాలోని ఒక పాత వరినుండి సబ్1 అనే జన్యుభాగాన్ని తెచ్చి మన స్వర్ణకు చేర్చగా స్వర్ణ-సబ్1 అయినది. 2009లో మన దేశంలో విడుదలైనది. అది రెండువారాల ముంపును ఓర్చుకొనగలదు. దాని కిటుకు ఎదుగుదలను ఆపి, ఉన్న చక్కెరను పొదుపుచేసుకొనడం. డి.టి.డి.2 చేసేది విషాన్ని విరిచే పని. రెండూ వేరు, రెండింటినీ కలిపి చూడవలసిన పని వరి పండించే ప్రాంతాల శాస్త్రజ్ఞులది.

నాకు తోచే మాట ఒకటి ఉన్నది. 1996లో పనసగింజ, 2005లో ఆర్కియా, 2013లో కుడి ఎడమల బోను, 2021లో మొక్కవేరు. పాతికేళ్లు. 2005లో ఎవరైనా అధికారి ఆ గదిలోనికి వెళ్లి “దీనివలన రైతుకేమి లాభం?” అని అడిగి ఉంటే నిజాయితీగల సమాధానం “తెలియదు” అన్నదే. ఆ సమాధానం చెప్పినవానికి కూడా జీతమూ పరికరాలూ ఇచ్చి మరి పదిహేనేళ్లు ఓపికపట్టినది ప్రజల ధనంతో నడిచే సంస్థ. ప్రతి పరిశోధనకూ మూడేళ్లలో ఫలం చూపమని కోరే కాలంలో ఈ ఓపిక ఎంతకాలం నిలుస్తుందో అని నాకు సందేహం. మా వైపు కళాశాలలలో జీవశాస్త్రం ఎక్కువమందికి వైద్యవిద్య ప్రవేశపరీక్షకు మెట్టు మాత్రమే. “మాంసకృత్తులు తయారగు స్థలమేది?” “రైబోజోము.” ఒక మార్కు. అంతటితో సరి. ఎడమచేతివే ఎందుకు అని అడిగే విద్యార్థికి మార్కు లేదు సరిగదా, కాలం వృథా చేస్తున్నావని మందలింపు కూడా ఉంటుంది. ఆ మందలించే ఉపాధ్యాయుని తప్పూ కాదది. ఆయన తలమీద ఉత్తీర్ణుల సంఖ్య కత్తివలె వ్రేలాడుతున్నది.

లోగడ ఒకనాడు తాళపత్ర ప్రతుల పరిష్కరణను గురించి పాఠం చెబుతూ ఈ కణం సంగతి ఉదాహరణగా చెప్పినాను. వెనుక బల్లమీద కూర్చున్న ఒక పిల్ల, కొల్లేటి లంకనుండి రోజూ బస్సులో వచ్చేది, లేచి “మాస్టారూ, మా ఊళ్లో దోనె వేసుకొని వెళుతూ గెడ దించితే అడుగునుంచి బుడగలు వస్తాయండి. మీరు చెప్పిన ఆ జీవులవేనా అవి?” అని అడిగినది. నాకు తెలియలేదు. వృక్షశాస్త్రం చెప్పే మిత్రుని అడుగగా, అవునన్నాడు. ఊబిలో మీథేన్ వాయువును పుట్టించేవి ఆర్కియాలేనట. 1776లో ఇటలీలో వోల్టా ఒక సరస్సు ఒడ్డున ఆ బుడగలనే పట్టి వెలిగించినాడట. ఆ ఆదివారం మేము నలుగురమూ వెళ్లినాము. పిల్ల గెడతో అడుగు కదిపినది. మా మిత్రుడు నీరు నింపిన సీసాను గరాటుతో సహా బోర్లించి పట్టుకొన్నాడు. సీసా సగం నిండడానికి అరగంట పట్టినది. మూత తీసి అగ్గిపుల్ల చూపగా, పట్టపగటి వెలుతురులో కనబడీ కనబడనట్లు, లేత నీలిమంట లేచినది.